సింథటిక్ వ్యాక్స్ పొడి: మైక్రోప్లాస్టిక్ కింద లెక్కా, కాదా?

లేబుల్_చదువరి
కాంపాక్ట్ పౌడర్ డబ్బా మీద టాల్క్, మైకా తర్వాత "సింథటిక్ వ్యాక్స్" అని రాసి ఉంది. పౌడర్ ఉండలు కట్టకుండా, చర్మం మీద మెత్తగా జారేలా ఈ మైనపు పొడి కలుపుతారట, అంతవరకు తెలుసు. కావాలని కలిపే మైక్రోప్లాస్టిక్‌ల మీద 2023లో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు తెచ్చింది కదా, ఈ పొడి వాటి కిందికి వస్తుందా? కొందరేమో "మైనం ప్లాస్టిక్ ఎలా అవుతుంది" అంటారు, ఇంకొందరు ఇది పాలీఇథిలీన్ ప్లాస్టిక్కే, పేరు మార్చారంతే అంటారు. ఎవరిని నమ్మాలి?

పొడి_మిక్సర్
ఇందులో అంత గొడవ లేదండీ. అసలు దాన్ని ఎందుకు వేస్తామో చూడండి. టాల్క్, మైకా, రంగు పొడులు ఎంత సన్నగా ఉంటే అంతగా ఒకదానికొకటి అతుక్కుంటాయి. పైగా పఫ్‌తో అద్దిన ప్రతిసారీ ముఖం మీది జిడ్డు, చెమట తిరిగి డబ్బాలోకి చేరతాయి, పైన పెచ్చు కట్టేది అందుకే. సుమారు 5 నుంచి 15 మైక్రాన్ల సైజుకు నూరిన మైనం ఆ రేణువుల మధ్యకు చేరి వాటిని ఎడంగా ఉంచుతుంది, తేమ అంటనివ్వదు. అదే మైనం ప్రెస్ ఒత్తిడికి కొంచెం మెత్తబడి పొడిని బిళ్లలా పట్టి ఉంచుతుంది కూడా. మోతాదు మించితే మాత్రం పెచ్చుకు అదే కారణమవుతుంది, ఎంత రుద్దినా పఫ్‌కు పొడి అంటదు. ఇంత పని చేసేదాన్ని ప్లాస్టిక్ అని ముద్ర వేసి తీసేయమంటే దాని బదులు ఏం వేయాలో కూడా చెప్పాలి.

వెన్నెల_రేణువు
మైనం కదా, చర్మ రంధ్రాలు మూసుకుపోయి మొటిమలు రావా? నా భయం మైక్రోప్లాస్టిక్ కన్నా అదే.

నీటిచుక్క
వెన్నెల గారూ, నెట్‌లో తిరిగే "రంధ్రాలు మూసే పదార్థాల" మార్కుల్లో చాలా వరకు కుందేలు చెవి మీద చేసిన పరీక్షల నుంచి వచ్చినవే. కుందేలు చెవి లోపలి చర్మం మన ముఖం కన్నా చాలా తొందరగా స్పందిస్తుంది. అందులోనూ ఆ పరీక్షల్లో చాలాసార్లు ఒక్కో పదార్థాన్ని విడిగా, గాఢంగా పూశారు. పౌడర్‌లో కొద్ది శాతం ఉండే మైనానికి ఆ మార్కు అలాగే వర్తించదు. మీ చర్మానికి పడుతుందో లేదో మొత్తం పౌడర్ వాడి చూసుకోవాల్సిందే.

ఇక మిక్సర్ గారికి. అది పని చేయదని ఎవరూ అనలేదండీ. అడుగుతున్నది దాన్ని దేనితో తయారు చేశారని. సింథటిక్ వ్యాక్స్ అనే ఒక్క పేరు కింద రెండు రకాలు అమ్ముడవుతున్నాయి. ఒకటి ఫిషర్-ట్రోప్ష్ మైనం. 1925లో జర్మనీలో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రోప్ష్ కనిపెట్టిన పద్ధతి అది, కార్బన్ మోనాక్సైడ్‌నీ హైడ్రోజన్‌నీ కలిపి పొడుగాటి హైడ్రోకార్బన్ గొలుసులు తయారు చేస్తారు. రెండోది ఇథిలీన్ అణువుల్ని ఒకదానికొకటి గొలుసుగా కలిపి, అంటే పాలిమరైజ్ చేసి తీసేది, అంటే గొలుసులు పొట్టిగా ఉన్న పాలీఇథిలీన్. కంపెనీ ఏది వాడినా డబ్బా మీద ఒకటే పేరు. కొనేవాళ్లకు తేడా తెలిసే దారి లేకపోవడమే నాకు కోపం తెప్పిస్తుంది. చదువరి గారూ, మీరు విన్న రెండు మాటలూ నిజమే కావచ్చు, రెండు వేర్వేరు డబ్బాల విషయంలో.

పొడి_మిక్సర్
అది ఒప్పుకుంటాను. కానీ పొడుగాటి గొలుసు ఉన్నదల్లా పాలిమర్ అంటే కుదరదు. యూరప్ నిబంధన చూసేది ఘనరూపంలో ఉన్న, 5 మిల్లీమీటర్లకు మించని పాలిమర్ రేణువుల్ని. రసాయనికంగా మార్చని సహజ పాలిమర్లు, త్వరగా కుళ్లిపోయేవి, నీటిలో కరిగేవి అందులోకి రావు. వాడకంలో రేణు రూపం శాశ్వతంగా పోయేవాటికి కూడా మినహాయింపు ఉంది. లిప్‌స్టిక్‌లో మైనాన్ని కరిగించి నూనెల్లో కలిపేస్తాం, అక్కడ రేణువే మిగలదు.

నీటిచుక్క
లిప్‌స్టిక్ సంగతి వేరు, అక్కడ మీతో పేచీ లేదు. చదువరి గారు అడిగింది పౌడర్ గురించి. పౌడర్‌లో ఆ మైనం రేణువుగానే వెళ్తుంది, ముఖం మీద రేణువుగానే ఉంటుంది, ముఖం కడుక్కుంటే రేణువుగానే డ్రైనేజీలో పడుతుంది. ఆ రేణువు పాలీఇథిలీన్ అయితే ఇక వాదించడానికి ఏముంది? ఫిషర్-ట్రోప్ష్ మైనం మీద మాత్రం నేనూ గట్టిగా అనలేను. సూటి హైడ్రోకార్బన్ గొలుసుల్ని తినే బ్యాక్టీరియా ఉన్నాయి, కాకపోతే గొలుసు పొడుగయ్యేకొద్దీ తినే వేగం పడిపోతుంది.

ఆకుపచ్చ_డబ్బా
మొక్కల మైనం వేస్తే ఈ తలనొప్పే ఉండదు కదా! కార్నౌబా ఉంది, తవుడు మైనం ఉంది, హైడ్రోజన్ పట్టించిన జొజోబా నూనె ఉంది. కార్నౌబా 82 నుంచి 86 డిగ్రీల దాకా కరగదు, గట్టిగా ఉంటుంది కాబట్టి సన్నగా నూరడానికీ అనువు. ఇవి ఎక్కువగా కొవ్వు ఆమ్లాలూ ఆల్కహాళ్లూ కలిసిన ఎస్టర్లు, పాలిమర్లు కావు. ఎంజైములు వీటిని విడగొట్టగలవు.

పొడి_మిక్సర్
రాసినంత తేలిక కాదండీ. కార్నౌబాకు కాస్త పసుపు రంగు ఉంటుంది, లేత షేడుల్లో తెలిసిపోతుంది. సింథటిక్‌కు రంగూ వాసనా ఉండవు, ఏ బ్యాచ్ చూసినా ఒకేలా వస్తుంది. కార్నౌబా ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడండి, ఈశాన్య బ్రెజిల్‌లో తాటి జాతి చెట్ల ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి తీస్తారు. ఆ పనిలో కూలీలతో బానిస చాకిరీ చేయిస్తున్నారని అక్కడి ప్రభుత్వ తనిఖీల్లోనే బయటపడింది. మొక్క నుంచి వచ్చిందంటే అంతా మంచిదే అనుకోవద్దు.

ఆకుపచ్చ_డబ్బా
అది నిజంగా బాధపడాల్సిన విషయం. అందుకని పాలీఇథిలీన్‌కు వెనక్కి పోదామా? కూలీల పరిస్థితిని తనిఖీ చేసి సరిదిద్దొచ్చు, సముద్రంలో కలిసిన రేణువును ఏరి తేలేం. తవుడు మైనానికి ఆ చిక్కు లేదు, తవుడు నూనె శుద్ధి చేసేటప్పుడు ఎలాగూ మిగిలేదే అది.

వెన్నెల_రేణువు
అయినా ఇవన్నీ నిషేధించేశారు కదా, ఇంకా ఎలా అమ్ముతున్నారు?

నీటిచుక్క
గడువులు వేర్వేరుగా పెట్టారండీ. యూరప్‌లో స్క్రబ్బుల్లాంటి వాటిలో రుద్ది కడిగేసే ప్లాస్టిక్ పూసల మీద నిషేధం 2023 అక్టోబరు నుంచే ఉంది. మిగతా కడిగేసే ఉత్పత్తులకు 2027 దాకా, రాసుకుని ఉంచుకునేవాటికి 2029 దాకా సమయం ఇచ్చారు. మేకప్, పెదవులకు, గోళ్లకు వాడేవాటికైతే ఏకంగా 2035 దాకా. వాటిలో మైక్రోప్లాస్టిక్ ఉంటే ఉందని 2031 అక్టోబరు నుంచి లేబుల్ మీద రాయాలి. అమెరికా 2015లో తెచ్చిన చట్టం రుద్ది కడిగేసే పూసలకే, పౌడర్ జోలికి పోలేదు. మొహం మీద గంటల తరబడి ఉండే పౌడర్‌కు ఇంత పెద్ద గడువు ఎందుకో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంకోటి, కొన్ని మైనపు పొడుల్లో ఇంకా నున్నగా జారడానికి పీటీఎఫ్‌ఈ కూడా కలుపుతారు. అది ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్, ప్రకృతిలో దాదాపు చెక్కుచెదరదు. కావాలని కలిపిన ఆ జాతి రసాయనాలున్న సౌందర్య సాధనాల అమ్మకాన్ని కాలిఫోర్నియా 2025 నుంచి ఆపేసింది. జాబితాలో ఆ పేరు కనిపిస్తే నేనైతే డబ్బా అక్కడే పెట్టేస్తాను.

లేబుల్_చదువరి
అయితే నా పౌడర్ సంగతి తేల్చుకునేదెలా? కంపెనీకి రాస్తే "మా ఉత్పత్తి సురక్షితం" అని ఒక్క ముక్క జవాబిచ్చారు.

పొడి_మిక్సర్
సురక్షితమా అని అడిగితే అలాగే చెప్తారు. మీ సింథటిక్ వ్యాక్స్‌కు సీఏఎస్ నంబర్, అంటే ఒక్కో రసాయనానికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఎంత అని అడగండి. ముడిసరుకు పత్రాల్లో అది ఉంటుంది, ఇవ్వడానికి వాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు. 9002-88-4 అని వస్తే అది పాలీఇథిలీన్. వేరే నంబర్ వస్తే ఇక్కడ పెట్టండి, ఏమిటో చూసి చెప్తాను.