సగం మ్యాచ్ చూసి వచ్చేస్తే ఆ గ్రౌండ్ లెక్కలోకి వస్తుందా?

ఫారెస్ట్‌గేట్_బాబాయ్:

మా గ్రూపులో నలుగుతున్న గొడవ ఇక్కడికి తెచ్చాను. పెద్దమనుషులు తేల్చాలి.

విషయం తెలియనివాళ్లకి ముందు రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్, దాని కింది మూడు డివిజన్లు కలిపితే 92 క్లబ్బులు. వాటి కింద నేషనల్ లీగ్‌తో మొదలై జిల్లా లీగుల దాకా మెట్లు మెట్లుగా దిగుతూ వేల క్లబ్బులున్నాయి. అదంతా నాన్-లీగ్. ఆ చిన్న గ్రౌండ్లు ఒక్కొక్కటే తిరిగి చూసే పిచ్చి ఉన్నవాళ్లని గ్రౌండ్‌హాపర్లు అంటారు. నాకూ ఉంది ఆ పిచ్చి.

ఇక గొడవ. మావాడొకడు శనివారం మధ్యాహ్నం మూడింటికి ఒక గ్రౌండ్‌లో కూర్చుంటాడు. హాఫ్‌టైమ్ విజిల్ పడగానే కారెక్కి, పది నిమిషాల దూరంలో ఇంకో మ్యాచ్‌కి వెళ్లి అక్కడ సెకండాఫ్ చూస్తాడు. రాత్రికి యాప్‌లో రెండు గ్రౌండ్లకీ టిక్కు. ఒక థియేటర్లో ఇంటర్వెల్ దాకా ఒక సినిమా, పక్క థియేటర్లో ఇంటర్వెల్ తర్వాత ఇంకో సినిమా చూసి రెండు సినిమాలు చూశానంటే ఒప్పుకుంటామా? నా లెక్కలో అది సున్నా. మీరేమంటారు?

చిప్స్‌_విత్_చీజ్:

ఆ ‘మావాడు’ నేనే. పేరు దాచినందుకు థాంక్స్ బాబాయ్.

సినిమా పోలిక చెల్లదు. సినిమాకి వెళ్లేది కథ కోసం. మనం వెళ్లేది గ్రౌండ్ కోసం. స్టాండ్ ఎలా ఉంది, పైకప్పు రేకులా, సిమెంటా, గోల్ వెనక ఏముంది, చుట్టూ ఇళ్లా, చెట్లా, రైలు పట్టాలా... ఇవన్నీ నలభై ఐదు నిమిషాల్లో కనబడవా? సెకండాఫ్‌లో కొత్త స్టాండేమైనా మొలుస్తుందా? ఆట మాత్రమే కావాలంటే ఒకే క్లబ్బుకి సీజన్ టికెట్ తీసుకుని కూర్చోవచ్చు కదా. పైగా ఒకే శనివారం రెండు క్లబ్బులకి నా వల్ల గిరాకీ. మీరు ఒక్కదానికే ఇస్తున్నారు.

పెన్నైన్_పంతులు:

చిప్స్ గారూ, గ్రౌండ్ కోసమే వెళ్తామన్నారు కాబట్టి గ్రౌండ్ గురించే మాట్లాడదాం.

షెఫీల్డ్‌లో శాండీగేట్ చూశారా? హాలమ్ ఎఫ్‌సీ గ్రౌండ్. 1860 డిసెంబర్ 26న అక్కడ హాలమ్, షెఫీల్డ్ ఎఫ్‌సీ ఆడాయి. ప్రపంచంలో అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ గ్రౌండ్ అదే. ఇప్పటికీ అక్కడ మ్యాచ్‌లు జరుగుతున్నాయి. 1857లో పుట్టిన షెఫీల్డ్ ఎఫ్‌సీ అయితే ఇంకా పాత క్లబ్బు. 2001 నుంచి ఊరికి దక్షిణాన డ్రాన్‌ఫీల్డ్‌లో, ఒక పబ్బు పక్కన ఆడుతోంది. చాలామంది హాపర్లు ఈ రెండింటినీ ఒక జోడీగా చూస్తారు.

శాండీగేట్‌లో మొదట కంటికి ఆనేది పిచ్ వాలు. నిలబడ్డ చోటి నుంచే తెలిసిపోతుంది. హాఫ్‌టైమ్‌లో జట్లు వైపులు మారితే అప్పటిదాకా పల్లానికి ఆడినవాళ్లు ఎత్తుకి ఆడాలి. ఫస్టాఫ్‌లో డిఫెండర్ కొట్టిన లాంగ్ బాల్ గోల్‌కీపర్ దాకా దొర్లుకుంటూ పోతే, సెకండాఫ్‌లో అదే దెబ్బకి బంతి మధ్యలోనే ఆగుతుంది. వాలు ఆటని ఏం చేస్తుందో రెండు సగాలూ చూస్తేనే తెలుస్తుంది. హాఫ్‌టైమ్‌కి లేచినవాడు ఆటనే కాదు, గ్రౌండ్‌ని కూడా సగమే చూసినట్టు.

చిప్స్‌_విత్_చీజ్:

శాండీగేట్ ఒకటి. మిగతావన్నీ బల్లపరుపు కదా పంతులు గారూ.

రీడింగ్_రెడ్డి:

నాకో చిన్న డౌట్. రెండు క్లబ్బులకీ గిరాకీ అన్నావు కదా తమ్ముడూ. చిన్న క్లబ్బుల్లో మ్యాచ్ మొదలైన అరగంటకి గేటు దగ్గర టికెట్లిచ్చే ఆయన డబ్బాడు చిల్లర లెక్కపెట్టుకుని లోపలికి వెళ్లిపోతాడు. సెకండాఫ్‌కి వచ్చినవాడు తెరిచి ఉన్న గేట్లోంచి నడుచుకుంటూ వచ్చేయడమే. నువ్వు రెండో గ్రౌండ్‌లో టికెట్ కొన్నావా, లేదా? సూటిగా చెప్పు.

చిప్స్‌_విత్_చీజ్:

గేటు దగ్గర ఎవరైనా ఉంటే కొంటాను. లేకపోతే రాఫెల్ టికెట్లు, అదే లక్కీ డ్రా టికెట్లు తీసుకుంటాను, ప్రోగ్రామ్ (ఆ మ్యాచ్ కోసం క్లబ్బు వేసే చిన్న పుస్తకం) మిగిలి ఉంటే అదీ కొంటాను. ఎనిమిది పౌండ్ల టికెట్‌కి సరిపోతుందా అంటే... ఒక్కోసారి సరిపోదు.

బార్‌_వెనక_భారతి:

ఇప్పటిదాకా చదువుతూ నవ్వుకుంటున్నాను. ఇక ఆగలేక రాస్తున్నాను.

నేషనల్ లీగ్‌ని స్టెప్ 1 అనుకుంటే స్టెప్ 6లో ఉండే ఒక క్లబ్బులో శనివారాలు టీ కొట్టు చూసుకుంటాను. జీతం లేదు. మా అబ్బాయి అక్కడ పిల్లల టీమ్‌లో ఆడతాడు, ‘ఒక్క శనివారం సాయం చేయండి’ అని మొదలుపెట్టారు, ఇప్పుడు కొట్టు తాళం నా దగ్గరే ఉంటోంది. కాబట్టి కౌంటర్ ఇటువైపు నుంచి చెప్తాను.

మాకు వ్యాపారమంతా హాఫ్‌టైమ్‌లోనే. నలభయ్యో నిమిషానికి చిప్స్ నూనెలో పడాలి, అప్పుడే విజిల్ పడేసరికి మొదటి బుట్ట పైకి వస్తుంది. ఒకరు బర్గర్లు తిప్పుతుంటే ఒకరు టీ కప్పులు వరసగా పేర్చి పాలు పోస్తూ పోతారు. క్యూ కార్నర్ జెండా దాకా వెళ్తుంది. పక్కన బార్లో వేరే క్యూ. రాఫెల్ నంబర్లు చదివేది కూడా అప్పుడే, మైకు సరిగ్గా పనిచేయక ఎవరికీ వినబడదు, మళ్లీ మళ్లీ అడుగుతారు. ఆ పదిహేను నిమిషాలు అయ్యాక నాకు మిగిలే పని కప్పులు ఏరడం.

ఇప్పుడు మన చిప్స్ గారి పద్ధతి చూడండి. మొదటి క్లబ్బులో సరిగ్గా క్యూ మొదలయ్యే నిమిషానికి వెళ్లిపోతాడు. రెండో క్లబ్బులో క్యూ అయిపోయాక దిగుతాడు. రెండు చోట్లా మాకు డబ్బులొచ్చే పావుగంటని ఇంత పద్ధతిగా తప్పించుకున్నవాడు ‘చిప్స్ విత్ చీజ్’ అని పేరెలా పెట్టుకున్నాడో, ఆ చిప్స్ ఏ క్లబ్బులో తిన్నాడో నాకు అర్థం కాలేదు.

రెఫరీకి, ఇద్దరు లైన్స్‌మెన్‌కి ఇవ్వాల్సింది గేటు డబ్బుల్లోంచే. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఈ దేశంలో టీవీలో ఫుట్‌బాల్ లైవ్ రాకూడదన్న పాత నియమం కూడా జనం ఇళ్లలో కూర్చోకుండా గ్రౌండ్లకి రావాలనే. అయినా కొన్ని శనివారాలు మా దగ్గర యాభై, అరవై మందే. అందులో పదిమంది హాపర్లు వస్తే మాకది పండగే. కొందరు ముందురోజే మెయిల్ పెడతారు, ‘ప్రోగ్రామ్ అచ్చు వేస్తున్నారా?’ అని. వాళ్ల కోసమే కొన్ని కాపీలు తీయిస్తాం. అందుకని హాపర్లంటే నాకు కోపం లేదు. నా తిట్లన్నీ ఆ పావుగంట ఎగ్గొట్టేవాళ్లకే.

రీడింగ్_రెడ్డి:

భారతి గారికి దండం. కేసు కొట్టేయవచ్చు.

చిప్స్‌_విత్_చీజ్:

భారతి గారూ, చిప్స్ మాట నన్ను బాగానే గుచ్చింది. కానీ నా వైపు కూడా వినండి.

నాది షిఫ్టు డ్యూటీ. శనివారం సెలవు దొరకడం అదృష్టం. ఇంకోవైపు ఈ గ్రౌండ్లు ఎంతకాలం ఉంటాయో ఎవరికీ తెలియదు. వీల్డ్‌స్టోన్ క్లబ్బు 1991లో తన లోయర్ మీడ్ గ్రౌండ్ పోగొట్టుకుంది, అక్కడ టెస్కో సూపర్‌మార్కెట్ వచ్చింది. ఆ తర్వాత సొంత చోటు లేక 2008 దాకా ఊళ్లు పట్టుకు తిరిగారు. అదే 2008లో హెండన్ క్లబ్బు తన క్లేర్‌మాంట్ రోడ్ గ్రౌండ్ వదిలేసింది. ఎన్‌ఫీల్డ్ క్లబ్బు గ్రౌండ్ 1999లో పోయింది. డల్విచ్ హామ్లెట్ క్లబ్బుని 2018 మార్చిలో వాళ్ల సొంత ఛాంపియన్ హిల్ గ్రౌండ్ నుంచే బయటికి పంపితే డిసెంబర్‌కి గానీ తిరిగి రాలేకపోయారు. లండన్‌లో ఆటస్థలమంటే బిల్డర్ కంటికి ఖాళీ ప్లాటే. తొంభై నిమిషాలూ తీరిగ్గా చూద్దాంలే అని వాయిదా వేస్తే చివరికి గ్రౌండే మిగలదు. చూడకపోవడం కన్నా సగం చూడటం నయం కదా?

ఫారెస్ట్‌గేట్_బాబాయ్:

చూడొద్దని ఎవరన్నారు? చూడు. లెక్క పెట్టకు అంటున్నాను.

గ్రౌండ్లు పోతున్నాయన్నావు కాబట్టి పోనిది ఒకటి చెప్తాను. తూర్పు లండన్‌లో మా ఇంటి దగ్గర ఓల్డ్ స్పాటెడ్ డాగ్ అనే గ్రౌండ్. ఈస్ట్‌హామ్‌లో దోసె తిని నడిచి వచ్చేయవచ్చు, అంత దగ్గర. 1888 నుంచి ఫుట్‌బాల్ ఆడుతున్న నేల. పాత క్లాప్టన్ క్లబ్బు యాజమాన్యంతో పడక అభిమానులు 2018లో క్లాప్టన్ కమ్యూనిటీ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు, 2020లో ఆ నేలనే కొనేశారు. వారం వారం వచ్చి నిలబడినవాళ్లు చేసిన పని అది. టిక్కు కొట్టి కారెక్కినవాళ్ల వల్ల కాలేదు.

ఇంకో సంగతి. ఇలాంటి గ్రౌండ్లలో హాఫ్‌టైమ్‌కి జనం కూడా వైపు మారతారు. మనవాళ్లు ఏ గోల్ వైపు దాడి చేస్తారో ఆ గోల్ వెనక్కి డప్పు, బ్యానర్లు, పింట్ గ్లాసులతో సహా నడుచుకుంటూ పోతారు. ఎదురొచ్చే అవతలి క్లబ్బు వాళ్లతో రెండు జోకులు. పెద్ద స్టేడియంలో ఇది జరగదు, నీ సీటు నంబరు దగ్గర నువ్వు కూర్చోవాలి. ఆ నడక చూడనివాడు నాన్-లీగ్‌కి వెళ్లొచ్చానంటే నేనెలా నమ్మేది?

రీడింగ్_రెడ్డి:

బాబాయ్, ఒక్క మాట. క్లాప్టన్ వాళ్లు బయటి గ్రౌండ్లలో ఆడేటప్పుడు వేసుకునే షర్టు పాత స్పెయిన్ రిపబ్లిక్ జెండా రంగుల్లో ఉంటుందని స్పెయిన్ నుంచి వేలల్లో ఆర్డర్లు వచ్చాయి. ఆ కొన్నవాళ్లందరూ ఫారెస్ట్‌గేట్ వచ్చి నిలబడినవాళ్లేమీ కాదు. దూరం నుంచి ఇచ్చేవాళ్లనీ మరీ తీసిపారేయకండి.

సికింద్రాబాద్_లెఫ్ట్‌వింగ్:

మీ గొడవ ఇక్కడి నుంచి చూస్తుంటే మజా వస్తోంది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ ఊరు మాది. ఆ టీమ్ కోచ్ రహీమ్ సాబ్ ఊరు. ఇక్కడ లీగ్ మ్యాచ్‌కి పోతే ఎండ తట్టుకున్నంతసేపు చూస్తాం, టిక్కు గిక్కు ఏం లేదు. సరే, ఒక ప్రశ్న. డెబ్బయ్యో నిమిషంలో ఫ్లడ్‌లైట్లు పోయి మ్యాచ్ రద్దయితే? అది కూడా పూర్తి కాలేదు కదా. దాన్నేం చేస్తారు?

పెన్నైన్_పంతులు:

మంచి ప్రశ్న. హాపర్లలో దీనికి ఒక్క రూలు లేదు, ఎవరి శాస్త్రం వాళ్లది. గోల్ పడని మ్యాచ్ లెక్కే కాదనేవాళ్లున్నారు. ప్రోగ్రామ్ చేతికి రాకపోతే గ్రౌండ్ రానట్టే అనేవాళ్లున్నారు. వాళ్లకిప్పుడు కష్టకాలం, ప్రీమియర్ లీగ్ కింది మూడు డివిజన్ల క్లబ్బులకే ప్రోగ్రామ్ తప్పనిసరి అన్న రూలు 2018లో తీసేశారు. పైనున్న 92 క్లబ్బుల గ్రౌండ్లూ చూసినవాళ్ల సంఘం, 1978లో మొదలైన 92 క్లబ్, వాళ్ల లోకం వేరు. ఇప్పటి 92 పూర్తి చేశానని అనాలంటే ఎవర్టన్ పాత గుడిసన్ పార్క్ చూడటం చాలదు, 2025లో మారిన కొత్త స్టేడియానికి మళ్లీ వెళ్లాలి.

లైట్లు పోయిన మ్యాచ్‌ని నేను లెక్కేస్తాను. ఎందుకంటే మీరు వెళ్లిపోలేదు, ఆటే మిమ్మల్ని వదిలేసింది. విజిల్‌కి ముందే కారు తాళాలు తీసి పట్టుకున్నవాడి సంగతి అది కాదు.

ఇంకో మాట, చిప్స్ గారి కోసం. ఒకే రోజు ఎక్కువ గ్రౌండ్లు కావాలంటే నిర్వాహకులతో మాట్లాడుకుని పెట్టే హాప్‌లు ఉన్నాయి. కిక్‌ఆఫ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా పొద్దుటి నుంచి రాత్రి దాకా సర్దుతారు. పూర్తి మ్యాచ్‌లే, రోజుకి మూడు నాలుగు కూడా చూడవచ్చు. ప్రతి క్లబ్బూ ఆ రోజు కోసం ప్రోగ్రామ్ వేస్తుంది, తిండి ఎక్కువ చేయిస్తుంది.

బార్‌_వెనక_భారతి:

హాప్ మ్యాచ్‌కి మా దగ్గర చిప్స్ అయిపోయాయి ఒకసారి. ఎవరో పక్కనున్న సూపర్‌మార్కెట్‌కి పరిగెత్తాల్సి వచ్చింది. అలాంటి కష్టం రోజూ వచ్చినా నాకు ఓకే.

చిప్స్‌_విత్_చీజ్:

సరే, మధ్యేమార్గం. మొదటి గ్రౌండ్‌లో ఫస్టాఫ్, హాఫ్‌టైమ్ మొత్తం, క్యూలో నిలబడి చిప్స్, అరవయ్యో నిమిషం దాకా ఆట. ఆ తర్వాత రెండో గ్రౌండ్‌లో ఆఖరి పావుగంట. అప్పుడు రెండూ ఒప్పుకుంటారా?

ఫారెస్ట్‌గేట్_బాబాయ్:

ఒకటి ఒప్పుకుంటాను. రెండోది కారు పార్కింగ్ కోసం వెళ్లినట్టు.

రీడింగ్_రెడ్డి:

మొదటిది కూడా నేను ఒప్పుకోను. తొంభయ్యో నిమిషం గోల్ మిస్సయినవాడికి టిక్కు ఏంటి? ఆఖరి బస్సు కోసం ఎనభై ఐదులో లేచినవాళ్ల వరకు క్షమిస్తాను.

చిప్స్‌_విత్_చీజ్:

మీతో బేరం కష్టం. వచ్చే శనివారం సెలవు దొరికింది, బాబాయ్‌తో పాటు స్పాటెడ్ డాగ్‌లో విజిల్ నుంచి విజిల్ దాకా ఉంటాను. హాఫ్‌టైమ్ చిప్స్ నావే. పాత టిక్కులు మాత్రం చెరపను.