‘వయం పంచాధికం శతం’ నాటోకి అతుకుతుందా?

ప్రశ్న: నాటో (అమెరికా, కెనడా, ఐరోపా దేశాల సైనిక కూటమి) ఒప్పందంలో, ఒకరిపై దాడిని అందరిపై దాడిగా చూసే ఐదో అధికరణ గురించి రాసేటప్పుడు ‘వయం పంచాధికం శతం’ అని వాడేస్తున్నారు. వినడానికి సొంపుగానే ఉంది. నప్పుతుందంటారా?

– ఘోషయాత్ర ఘట్టం గుర్తు తెచ్చుకోండి. అడవిలో ఉన్న పాండవులకు తన వైభవం చూపిద్దామని వెళ్ళి దుర్యోధనుడు చిత్రసేనుడనే గంధర్వుడికి చిక్కుతాడు. మనం చేయాల్సిన పని వాళ్ళు చేశారులే అంటాడు భీముడు. మనలో మనకు తగువైతే మనం ఐదుగురం, వాళ్ళు నూరుగురు. పైవాడు వస్తే నూట ఐదుగురం అని ధర్మరాజు తమ్ముళ్ళను పంపుతాడు. అది దాయాదుల మాట. ఇక్కడున్నది 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు సంతకం పెట్టిన కాగితం. ఇప్పుడు సభ్యులు 32.

పైగా మన పత్రికలు ‘ఒకరిపై దాడి అందరిపై దాడి’ దగ్గరే ఆగిపోతాయి. అదే అధికరణలో, ప్రతి దేశమూ ‘తాను అవసరమనుకున్న చర్య’తో సాయపడుతుందనీ ఉంది. సైన్యాన్ని దించడం అందులో ఒకటి, అంతే. బరువంతా ఆ ‘అనుకున్న’ మీదే. యుద్ధం ప్రకటించే అధికారం తమ కాంగ్రెస్ చేజారకూడదని అమెరికా సెనేటర్లు పట్టుబట్టారు మరి. ‘మీకు అవసరమనిపిస్తే వెళ్ళండి’ అని ధర్మరాజు అనలేదు కదా!

– మాస్టారూ, ఆ అధికరణను ఇప్పటిదాకా వాడింది ఒక్కసారే, అదీ అమెరికా కోసం! 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత నాటోవాళ్ళ ఏడు ఆవాక్స్ నిఘా విమానాలు అట్లాంటిక్ దాటి వెళ్ళి, 2002 మే దాకా అమెరికా ఆకాశానికి కాపలా కాశాయి. పెద్దన్నకే తమ్ముళ్ళు కావలి.

– పైవాడు ఎక్కడికొచ్చాడన్నదీ లెక్కేనండీ. ఆరో అధికరణ ప్రకారం దీవుల విషయంలో, అట్లాంటిక్‌లో కర్కాటక రేఖకు ఉత్తరాన ఉన్నవాటికే ఈ హామీ. అందుకే 1982లో దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ ఏలుబడిలోని ఫాక్లాండ్స్ దీవుల మీద అర్జెంటీనా పడినప్పుడు బ్రిటన్‌కు ఇది వర్తించలేదు.

– ‘దాడి’ అన్న మాటా జాగ్రత్తగా వాడాలి. ఒప్పందంలో ఉన్నది ‘సాయుధ దాడి’. 2025 సెప్టెంబరులో రష్యా డ్రోన్లు పోలండ్ గగనతలంలోకి వచ్చినప్పుడు ఆ దేశం కోరింది నాలుగో అధికరణ కింద సంప్రదింపులు. అలాంటి వార్తకు ‘చొరబాటు’ సరిపోతుంది. సైబర్ దాడికీ ఐదో అధికరణ వర్తించవచ్చని మాత్రం 2014లో వేల్స్ శిఖరాగ్రంలో ఒప్పుకున్నారు.

ప్రశ్న అడిగినవారు: అయితే ఎవరికి తోచినంత వాళ్ళు చేస్తారన్నమాట. ‘ఉడుతాభక్తి అధికరణ’ అందామా?

– ఐస్‌లాండ్‌కైతే అచ్చంగా సరిపోతుంది, సైన్యమే లేని వ్యవస్థాపక సభ్యదేశం అది! మిగతావాళ్ళకు ఆ వెసులుబాటు పోతోంది. 2035 కల్లా జీడీపీలో 5 శాతం ఖర్చు పెట్టాలని 2025 జూన్‌లో హేగ్‌లో తీర్మానించారు: 3.5 శాతం నేరుగా రక్షణకు, 1.5 శాతం వంతెనలు, సైబర్ భద్రత లాంటివాటికి. అంత మా వల్ల కాదంది స్పెయిన్. ట్రంప్‌కు ఒళ్ళుమండింది.