ఐదో నెల, ఆఖెన్‌లో ఉన్నాం, పచ్చి గోంగూర ఎక్కడ దొరుకుతుంది?

ఆఖెన్ అబ్బాయి

అందరికీ నమస్కారం. మేము జర్మనీలో ఆఖెన్‌లో ఉంటాం, వచ్చి రెండేళ్ళు దాటింది. మా ఆవిడకి ఇప్పుడు ఐదో నెల. మొదటి మూడు నెలలూ వాంతులతో ఏమీ తినలేకపోయింది, బ్రెడ్డు, అరటిపండు, మజ్జిగతోనే నెట్టుకొచ్చాం. ఇప్పుడు వాంతులు తగ్గి ఆకలి వేస్తోంది గానీ తినాలనిపించేది ఒక్కటేనట, గోంగూర పచ్చడి. సీసాల్లో వచ్చే నిల్వ పచ్చడి కాదు, అప్పటికప్పుడు ఆకు మగ్గబెట్టి, ఎండుమిరపకాయలు, మెంతులు, ధనియాలు వేయించి నూరి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు కలిపినది. తనది తెనాలి దగ్గర పల్లెటూరు, అక్కడివాళ్ళకి గోంగూర అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

కొలోన్ దాకా వెళ్ళి ఇండియన్ షాపులో సీసా పచ్చడి తెచ్చాను. ఒక ముద్ద తిని పక్కన పెట్టింది, ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంది. పొద్దున ఐదింటికే మెలకువ వచ్చేస్తుంది తనకి, అప్పటికి ఇండియాలో వంట మొదలయ్యే వేళ, వంటింట్లో కూర్చుని వాళ్ళమ్మకి ఫోన్ చేసి ఇవాళ ఏం కూర అని అడుగుతుంది, ఆవిడ చెప్తుంటే చిన్నపిల్ల కథ విన్నట్టు వింటుంది.

అత్తయ్యగారు ఎనిమిదో నెలకి వస్తున్నారు. గోంగూర కట్టలు తడిగుడ్డలో చుట్టి, పేపర్లో పెట్టి సూట్‌కేసులో తెస్తానంటున్నారు. తేవచ్చా? విమానాశ్రయంలో ఆవిడ ఇబ్బంది పడతారేమో అని నాకు టెన్షన్. ఈలోగా రెండు మూడు గంటల రైలు దూరంలో ఎక్కడైనా పచ్చి ఆకు దొరుకుతుందా? మీరంతా దేనికోసం మొహం వాచిపోయారో, ఎలా సర్దుకున్నారో కూడా రాయండి, చదివి వినిపిస్తాను, తనకి కాస్త తోడుగా ఉంటుంది.

డాలస్ పెరటి తోట

తమ్ముడూ, ముందుగా మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. మా పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇదే గోల, కాకపోతే నాకు పచ్చి మామిడికాయ పప్పు. ఇక్కడ గోంగూరకి లోటు లేదు, ఇంటి వెనకే పెంచుకుంటాం. ఏప్రిల్‌లో చలి పూర్తిగా పోయాక విత్తనం వేస్తే జూన్ నుంచి అక్టోబర్ దాకా కోసినంత ఆకు. 40 డిగ్రీల ఎండ దానికి లెక్కే కాదు, మొదటి మంచు పడిన రాత్రికి మాత్రం నల్లబడి చచ్చిపోతుంది. అందుకని ఆఖరి కోత అంతా నూనెలో మగ్గబెట్టి చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెడతాను, సంక్రాంతి దాకా వస్తుంది.

తోట లేని రోజుల్లో నవంబర్ వచ్చిందంటే క్రాన్‌బెర్రీలే. 340 గ్రాముల సంచి ఒకటి తెచ్చి, నూనెలో అవి పగిలి మెత్తబడేదాకా వేయించి, అదే గోంగూర పోపు, అదే వెల్లుల్లి. చింతపండు అస్సలు వెయ్యొద్దు, ఆ పులుపు చాలు. కళ్ళు మూసుకుని తింటే సగం దూరం తీసుకెళ్తుంది.

నాకు ఇప్పటికీ తీరనిది రసాలు. 2007లో మన మామిడిపండ్లని మళ్ళీ అమెరికాలోకి రానిచ్చారు, రేడియేషన్ ఇచ్చి పంపుతారు, బంగినపల్లి పెట్టె కొంటూనే ఉంటాను. కానీ నూజివీడు చిన్నరసం మెత్తగా పిసికి, ముచ్చిక తీసి నోట్లో పెట్టుకుని పీల్చడం ఉంది చూడండి, మోచేతి దాకా కారేది, అమ్మ పెరట్లోకి తరిమేది. పదిహేనేళ్ళలో ఎండాకాలం సెలవలకి ఇండియా వెళ్ళడం రెండుసార్లే కుదిరింది, ఒకసారి అప్పటికే కాపు అయిపోయింది.

జగిత్యాల టు కువైట్

తమ్మీ, చెల్లెకు మంచిగ ఉండాలె. మీ అత్తమ్మను రానియ్యి, ఆమె చేతి అన్నం తింటే సగం దిగులు పోతది.

ఇక్కడ కువైట్‌లో గోంగూర, తోటకూర, కరివేపాకు అన్నీ విమానంలో వస్తాయి, షాపుకు పోతే దొరుకుతాయి. దొరకంది వేరే. మా రూములో ఎనిమిది మందిమి, వంట వంతుల మీద. నా డ్యూటీ పొద్దున నాలుగింటికి మొదలైతది కాబట్టి రాత్రి చేసిన అన్నం డబ్బాలో పట్టుకపోయి పదకొండింటికి చల్లగా తింటాను. పదకొండేళ్ళ నుంచి అంతే. పెనం మీది నుంచి జొన్నరొట్టె నేరుగా పళ్ళెంలో పడి, చేతికి కాలుతుంటే తుంచుకుని తినుడు, అది నాకు యాదికొస్తది. రొట్టె ఇక్కడ కూడా చేసుకుంటం, జొన్నపిండి కూడా ఉన్నది. కానీ వేడిది వేడిగా పెట్టేటందుకు ఒక మనిషి పొయ్యి దగ్గర కూర్చోవాలె కదా.

గిన్నప్ప, అదే సర్వపిండి, శుక్రవారం సెలవునాడు చేస్తాను. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కారం, ఉల్లాకు కలిపి గిన్నె అడుగున చేత్తో ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి నూనె పోసి మూత పెట్టుడు. మా రూములో కడప, కోనసీమ వాళ్ళు కూడా ఉన్నరు, వాళ్ళకు కూడా అలవాటైంది.

సంక్రాంతికి ఊరి నుంచి వచ్చేటోళ్ళతో అమ్మ సకినాలు పంపుతది. చేత్తో సుట్టలు సుట్టలుగా తిప్పి చేస్తది, సూట్‌కేసులో ఇక్కడికి వచ్చేవరకు ముక్కలైతయి. నిండు సకినం ఒకటి రెండే మిగులుతది, ఫోన్ చేసినప్పుడు అదే చూపించి అన్నీ మంచిగనే వచ్చినయ్ అని చెప్తాను. అడుగున మిగిలిన పొడిని చాయ్‌లో వేసుకుని తింటం.

ఒక్క ముచ్చట అందరికీ. గల్ఫ్ దేశాలకు వచ్చేటోళ్ళు గసగసాలు తెచ్చుకోవద్దు. మనకు అది మసాలా దినుసు, యూఏఈ, సౌదీ లాంటి చోట్ల నల్లమందు మొక్క గింజలని నిషేధం, జైలు దాకా పోతది. ఇంట్లో కొట్టిన మసాలాలో గసాలు కలిపిన్రా అని అమ్మను అడిగి మరీ బ్యాగ్ సర్దుకోండి.

లీడ్స్ నుంచి

నేను పంతొమ్మిదేళ్ళుగా ఇంగ్లండ్‌లో ఉన్నాను, ఒక మాట గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోవద్దు. అచ్చం అదే రుచి కావాలని వెతికినంత కాలం నేను ఏ పూటా తృప్తిగా తినలేదు. సెలవలకి వెళ్ళినప్పుడు పది కిలోల పచ్చళ్ళు మోసుకొచ్చేవాణ్ణి, అయిపోతాయేమో అని లెక్కపెట్టుకుని తినేవాణ్ణి, ఆఖరికి సగం సీసాలు రంగు మారి పారేసేవాణ్ణి. ఆ తర్వాత ఇక్కడి పులుపు ఏమిటి అని చూడటం మొదలుపెట్టాను.

మా దగ్గర వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాథ్‌వెల్ ఊళ్ళ మధ్య రుబార్బ్ పండిస్తారు, చలికాలంలో చీకటి షెడ్లలో పెంచి కొవ్వొత్తుల వెలుగులో కోస్తారు, 2010లో దానికి ఐరోపా రక్షిత గుర్తింపు కూడా వచ్చింది. ఆ గులాబీ రంగు కాడలు ముక్కలు కోసి రెండు చెంచాల నూనెలో వేస్తే ఐదు నిమిషాల్లో గుజ్జవుతాయి. మిరపకాయలు, మెంతులు, ఇంగువ, వెల్లుల్లి. మొదటిసారి తిన్నప్పుడు మా అమ్మాయి ఇది గోంగూరా అని అడిగింది. జర్మనీలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రతి సూపర్‌మార్కెట్‌లో ఉంటుంది, అంటే ఇప్పుడే. కాడలు మాత్రమే వాడాలి, ఆకులు విషం, అది మర్చిపోవద్దు. అలాగే వారం సంతల్లో సావరాంప్‌ఫర్ అని పుల్లటి ఆకు అమ్ముతారు, అది మన చుక్కకూర జాతిదే, పప్పులో వేస్తే తేడా పట్టుకోలేరు. రెండూ అప్పుడప్పుడు తినేవే, కడుపుతో ఉన్నారు కాబట్టి ఎంత తినవచ్చో డాక్టర్‌ని ఒక మాట అడగండి.

డాలస్ పెరటి తోట

లీడ్స్ అన్నయ్యగారూ, మీరు చెప్పింది మనలాంటి వాళ్ళకి సరే, నేనూ క్రాన్‌బెర్రీల మీద బతికినదాన్నే. కానీ కడుపుతో ఉన్న పిల్ల గోంగూర అడిగితే గోంగూరే పెట్టాలి. తర్వాత జీవితమంతా రుబార్బ్ తింటుంది లెండి.

ఎదుర్లంక, ప్రస్తుతం న్యూజెర్సీ

పుస్తెలమ్మైనా పులస తినాలి అనే ఊరు మాది, కాబట్టి నా బాధ వేరే. గోదావరికి వరద నీరు తగిలాక సముద్రం నుంచి ఎదురెక్కే చేప, ఆగస్టులో ఇంట్లో పులుసు కాగుతుంటే వీధి చివరికి తెలిసేది. ఇక్కడ బంగ్లాదేశీ షాపుల్లో ఇలిశ అని గడ్డకట్టినది దొరుకుతుంది, జాతి అదే, నది వేరు. ఒక వసంతంలో పక్కింటాయన డెలవేర్ నదిలో షాడ్ పట్టి ఇచ్చాడు. అదీ సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కేదే, పులసకి దగ్గరి చుట్టమే, ముళ్ళు కూడా అన్నే. బెండకాయలు, పచ్చిమిర్చి వేసి మట్టికుండలో పులుసు పెట్టి మా పద్ధతిలోనే మర్నాటి దాకా ఆగి తిన్నాను. బాగుంది. నిజంగా బాగుంది, కన్నీళ్ళొచ్చాయి. పులస మాత్రం కాదు.

బ్రస్సెల్స్‌లో తొమ్మిదేళ్ళు

ఆఖెన్ బ్రదర్, మీరు నాకు రైల్లో గంటన్నర దూరం కూడా లేరు, ఈ శనివారమే బయల్దేరండి.

ముందు మీ అత్తయ్యగారి సంగతి. పచ్చి ఆకు వద్దని చెప్పండి. 2019 డిసెంబర్ 14 నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పచ్చి కూరలు, పండ్లు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అనాస, కొబ్బరి, డూరియన్, అరటి, ఖర్జూరం, ఈ ఐదింటికే మినహాయింపు. కరివేపాకు కూడా కుదరదు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు కూడా వద్దు, పాలతో, మాంసంతో చేసినవి రానివ్వరు. పొడులు, అప్పడాలు, వడియాలు, ఆవకాయ తెచ్చుకోవచ్చు. ఆవకాయని మాత్రం చేతి సంచిలో పెట్టొద్దు, దాన్ని ద్రవం కింద లెక్కకట్టి 100 మిల్లీలీటర్ల నిబంధన పెడతారు. మూతకి టేపు, దానిపైన రెండు కవర్లు, ఆపైన పాత తువ్వాలు, తర్వాతే సూట్‌కేసు.

ఇక గోంగూర. బ్రస్సెల్స్ మిడి స్టేషన్‌లో దిగి మెట్రోలో పోర్ట్ ద నామూర్ వెళ్ళండి. బయటికి వస్తే మతోంగే, కాంగో వాళ్ళ పేట, కిన్షాసాలో ఉన్న పేట పేరే దీనికీ పెట్టుకున్నారు. అక్కడి కూరల కొట్లలో గోంగూర అంటే తెలియదు, న్గాయ్‌న్గాయ్ అని అడగండి, లేదా ఫ్రెంచ్‌లో ఓజెయ్ అనండి. కట్టలు కట్టలుగా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నమ్మలేక ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను, కొట్టు నడిపే ఆవిడ నా మొహం చూసి ఇంకో ఆకు ఇచ్చింది. మన మొక్కే. దాని కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకులతోనే పశ్చిమ ఆఫ్రికాలో బిస్సాప్ అనే పానీయం చేస్తారు, మెక్సికో వాళ్ళూ పానీయం చేసుకుంటారు, బర్మా వాళ్ళయితే మనలాగే ఆకు వండుకుంటారు. నాలుగేళ్ళపాటు ఇదే ఊళ్ళో ఉండి గోంగూర లేదని ఏడ్చాను నేను, ఇండియన్ షాపుల్లోనే వెతికాను గనక. ఎర్ర కాడ ఉన్నవి ఏరుకోండి, పులుపు ఎక్కువ. ఉదయం పదకొండు లోపు వెళ్తే ఆకు తాజాగా ఉంటుంది.

ఆఖెన్ అబ్బాయి

అందరికీ దండాలు. శనివారం వెళ్ళొచ్చాను. తనూ వస్తానంది గానీ నేనే వద్దన్నాను, దొరక్కపోతే మళ్ళీ దిగులు పడుతుందని. మూడో కొట్లో దొరికింది. నాలుగు కట్టలు తీసుకుంటుంటే అంత ఎందుకని కొట్టు నడిపే ఆవిడ అడిగారు, ఫోన్లో అనువాదం పెట్టి మా ఆవిడ కడుపుతో ఉందని చెప్పాను. అంతే, ఇంకో కట్ట సంచిలో వేసి డబ్బులు తీసుకోలేదు. వాళ్ళు చేపలు, పామాయిల్ వేసి వండుతారట, చేతులతో చూపిస్తూ ఎంతో ఓపిగ్గా చెప్పారు.

ఇంటికి వచ్చి సంచి విప్పగానే తను మొహం ఆ ఆకులో పెట్టేసింది. అత్తయ్యగారు వీడియోలో ఉండి చేయించారు, మెంతులు మాడుతున్నాయి చూడమ్మా అంటూ ఇంత దూరం నుంచి కనిపెట్టారు. రోలు లేదు, మిక్సీలోనే ఆపి ఆపి తిప్పాం. మూడుసార్లు అన్నం పెట్టుకుంది. మూడోసారి నాకు కలిపి పెట్టింది. కువైట్ అన్న రాసింది చదివి వినిపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ అన్న సెలవు ఎప్పుడో అడగమంది. అన్నా, ఎప్పుడు వెళ్తున్నావు ఊరికి?

డాలస్ అక్కా, మీకో ప్రశ్న. ఆకు దూసిన ఎర్ర కాడలు రెండు పారేయకుండా తను గ్లాసు నీళ్ళలో పెట్టి కిటికీలో ఉంచింది. పది రోజులైంది, ఇవాళ చూస్తే అడుగున తెల్లగా వేళ్ళు వచ్చాయి. మాది మూడో అంతస్తు, చిన్న బాల్కనీ, ఎండ మధ్యాహ్నం తర్వాతే. ఎంత కుండీ తీసుకోవాలి?