సమస్య: గాలి వీచుకొలది కాక హెచ్చె

నిర్వాహకులు: ఈ వారం పాదం ఇదే (కాక అంటే వేడి). గాలి వీస్తే చల్లబడాలి కదా, వేడెక్కడమేమిటన్న విరోధం పోయేలా, ఇదే చివరి పాదంగా ఆటవెలది రాయాలి. మత్తకోకిల, తరువోజ, సీసమాలిక, ద్విపద మన సభ్యుల మారుపేర్లు, పద్యాల ఛందస్సులు కావు. గేమింగ్ ల్యాప్‌టాప్‌కి కూలింగ్ ప్యాడ్ (కింద పెట్టే ఫ్యాన్ల పలక) కావాలా, ఎత్తి పెట్టే స్టాండ్ చాలా అన్న విషయం మీదే పూరించాలి. కొలిమి తిత్తి పూరణలు వద్దు, అది అందరికీ తట్టేదే. ఫ్యాన్‌ను పంకా అనే బదులు పంకగా కుదించుకోవచ్చు.

మత్తకోకిల:
చిల్లులొక్కచోట చేర, పంకలు వేరు
చోట తిరుగ, రేకు సోకి గాలి
వెనుక వేడి కూడి వెంటనే లోదూర
గాలి వీచుకొలది కాక హెచ్చె

ప్యాడ్ కొనేముందు ల్యాప్‌టాప్ తిరగేసి చూడాలి. గాలి పీల్చే చిల్లులు రెండు పక్కలా ఉంటే, నడుమ ఒకే ఫ్యాన్ ఉన్న ప్యాడ్ గాలి ఉత్త రేకుకే తగులుతుంది.

తరువోజ: చోట రెండుసార్లు, గాలి రెండుసార్లు! రెండో పాదంలోనే గాలి వదిలేస్తే సమస్యకు పస ఏం మిగిలింది? భావమూ సందేహమే. చోటు తప్పిన ఫ్యాన్ వల్ల లాభం ఉండదు కానీ, కాక హెచ్చడం అరుదు. హెచ్చేది గాలిని కిందికి లాగే ప్యాడ్‌తో. ల్యాప్‌టాప్ పైకి పీలుస్తుంటే అది కిందికి పీలుస్తుంది.

మత్తకోకిల: పునరుక్తి ఒప్పుకుంటాను. భావం మాత్రం మూడో పాదంలో ఉంది, చదవండి. ల్యాప్‌టాప్ వెనక భాగం గోడకు దగ్గరగా ఉంటే బయటికొచ్చిన వేడి గోడకు కొట్టుకొని ప్యాడ్ కిందికే చేరుతుంది. వెనక జానెడు ఖాళీ వదలాలి.

సీసమాలిక:
పరుపు మీద పెట్ట బయటి గాలికి దారి
మూత పడగ, పంక మోగుచుండె
వెనుక వెడలు సెగయె వెనుదిరుగగ వడ
గాలి వీచుకొలది కాక హెచ్చె

ద్విపద: వడగాలి! పాదాన్ని ముట్టుకోకుండా ముందు రెండక్షరాలు తగిలించి విరోధమే లేకుండా చేశారు. మూడో పాదమంతా లఘువులే, సెగ పరుగెత్తినట్టే ఉంది. శభాష్ సీసమాలిక గారూ.

ఇక్కడ ప్యాడ్ అక్కర్లేదు. అడుగు రబ్బరు కాళ్ళు కొద్ది మిల్లీమీటర్ల ఎత్తే, పరుపులో మునిగిపోతాయి. గట్టి పలక వేస్తే చాలు. బల్ల మీద వాడేవాళ్ళు స్టాండ్ కొనకముందే వెనక కాళ్ళ కింద రెండు సీసా మూతలు పెట్టి చూడాలి. అదే ఆట, అదే ఘట్టం, అరగంట చొప్పున మూతలతో ఒకసారి, లేకుండా ఒకసారి. డిగ్రీలొక్కటే చూస్తే మోసపోతాం. చల్లబడ్డ మేరకు ప్రాసెసర్ ఇంకా వేగం పుంజుకొని మళ్ళీ అదే 95 డిగ్రీల దగ్గర ఆగవచ్చు. అందుకని క్లాక్ స్పీడు (ప్రాసెసర్ వేగం), ఫ్యాన్ వేగం కూడా రాసుకోవాలి. ప్రాసెసర్ వేగం పెరిగినా, ఫ్యాన్ మోత తగ్గినా స్టాండ్‌తో లాభం ఉన్నట్టే.

తరువోజ: పొగడ్త అయిందా? పోయినసారి సీసమాలిక గారే "పంకలైదు" అని ఐదు ఫ్యాన్ల ప్యాడ్‌ను ఆకాశానికెత్తారు. ఆ ప్యాడ్‌కు కరెంటు అందించే యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. దాన్ని ఐదింటికి పంచితే మిగిలేది దీపాల తళుకే. నా పూరణ:

దుమ్ము రెక్కలందు దూరి పేరుకొనగ
ఆరిపోవ పేస్టు, హాయి లేక
ల్యాప్‌టాపు కింద లక్ష పంకలు పెట్ట
గాలి వీచుకొలది కాక హెచ్చె

సీసా మూతలు పెట్టినా తేడా రాకపోతే జబ్బు లోపలుంది. పవర్ ఆపి, ల్యాప్‌టాప్ అడుగు రేకు విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఫ్యాన్ రెక్కను పుల్లతో కదలకుండా పట్టుకొని దుమ్ము పోయేలా గాలి కొట్టాలి. వదిలేస్తే అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

సీసమాలిక: మూడో పాదం మొదటి గణం చూసుకోండి తరువోజ గారూ. "ల్యాప్‌టాపు" అంటే రెండు గురువులు వరసగా వచ్చాయి. "ల్యాపుటాపు" అనాలి. "హాయి లేక" యతి కోసం తెచ్చినదే, భావానికి చుట్టం కాదు. ఐదు ఫ్యాన్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. అంచు చుట్టూ స్పాంజితో బిగించి, వేరే అడాప్టర్‌తో నడిచే ప్యాడ్ మాత్రం నిజంగా గాలి లోపలికి తోస్తుంది. మోత ఎక్కువ, జల్లెడ దుమ్ము దులుపుతూ ఉండాలి. దాని మీద ఎవరూ పద్యం రాయలేదేం?

ద్విపద: పేస్టు (ప్రాసెసర్ వేడిని బయటికి అందించే పూత) మార్చేవాళ్ళకు ఒక మాట. ముందు ఆ మోడల్‌లో ఉన్నది లిక్విడ్ మెటల్ అనే ద్రవ లోహమేమో తెలుసుకోండి. అయితే ముట్టుకోవద్దు. అది కరెంటును పారిస్తుంది, బోర్డు మీద ఒక్క బొట్టు పడితే షార్ట్.

నిర్వాహకులు: తరువోజ గారి పాదంలో "పు" చేర్చాను. ఈ వారం మొదటి స్థానం వడగాలికే. స్పాంజి ప్యాడ్ మీద పూరణకు రేపటిదాకా గడువు.

తరువోజ: "హాయి లేక" తీసేసి రాత్రికి మళ్ళీ పెడతాను.