పెడల్ స్టీల్ వాయించినవాళ్లలో రావలసినంత పేరు రానిది ఎవరికి?

మూనీ అభిమాని:
నాలుగేళ్లుగా డాలస్‌లో పెడల్ స్టీల్ నేర్చుకుంటున్నాను. ఈ వాద్యం చూడనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. కాళ్ల మీద నిలబెట్టిన సన్నటి బల్లలాంటి గిటార్, దాని మీద పది తీగలు. ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతాం, కుడిచేత్తో మీటుతాం. ఎడమ పాదం పెడళ్ల మీద, కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద. మోకాళ్లతో నెట్టడానికి వేరే లివర్లు. ఒక పెడల్ తొక్కితే ఒకటి రెండు తీగల శ్రుతే మారుతుంది, మిగతావి ఉన్నచోటే ఉంటాయి. అమెరికన్ కంట్రీ పాటల్లో గాయకుడి వెనక ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించేది ఇదే.

ఎవరిని అడిగినా బడ్డీ ఎమన్స్ పేరే చెబుతారు. ఆయన్ని తగ్గించి మాట్లాడను, ఈ రోజు మేం తీగలు శ్రుతి చేసుకునే ఇ నైన్త్ అనే పద్ధతిలో చాలా భాగం ఆయన చలవే. కానీ మిగతావాళ్ల సంగతేమిటి? నా ఓటు రాల్ఫ్ మూనీకి. 1928లో ఓక్లహోమాలో పుట్టి కాలిఫోర్నియా చేరాడు. అక్కడి బేకర్స్‌ఫీల్డ్ ఊరి కంట్రీ శైలి అని ఇప్పుడు అందరూ మెచ్చుకునే ఆ గరుకు, ఆ గంతులు సగం ఆయన చేతిలోంచి వచ్చినవే. విన్ స్టూవర్ట్ దగ్గర, బక్ ఓవెన్స్ తొలి రోజుల్లో, మెర్ల్ హ్యాగర్డ్ దగ్గర వాయించాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు వేలన్ జెనింగ్స్ వెనక కూర్చున్నాడు. 1956లో రే ప్రైస్ పాడిన 'క్రేజీ ఆర్మ్స్' రాసింది కూడా ఆయనే, ఇంకొకరితో కలిసి. 2011లో పోయాడు. కంట్రీ పాటలంటే ప్రాణం పెట్టే మా ఆఫీసు మిత్రుడు కూడా ఆయన పేరు వినలేదు. మీ ఓటు ఎవరికి?

బుల్లెట్ రాజు:
డాన్ హెల్మ్స్. హ్యాంక్ విలియమ్స్ పాటలు పెట్టుకుని వినండి.

కొవ్వూరు శాస్త్రి:
హెల్మ్స్ మహానుభావుడే. కానీ హ్యాంక్ విలియమ్స్ పాటల్లో ఆయన వాయించిన స్టీల్‌కి పెడళ్లు లేవు. ప్రశ్న పెడల్ స్టీల్ గురించి. వేరు వేరు వాద్యాలను కలిపేస్తే చర్చ ఎటో పోతుంది.

నా సమాధానం బడ్ ఐజాక్స్. 1954లో వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' అనే పాట వచ్చింది. దానికి ముందూ పెడళ్లు ఉన్నాయి. అయితే ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి వెళ్లేటప్పుడు ట్యూనింగ్ మార్చుకోవడానికి వాటిని తొక్కేవారు. ఐజాక్స్ తీగ మోగుతుండగా తొక్కాడు. ఒక స్వరం కదలకుండా నిలబడి ఉంటే పక్క స్వరం దాన్ని ఒరుసుకుంటూ పైకి జారింది. పాట నంబర్ వన్ అయింది. స్టీల్ వాయించే ప్రతివాడూ తన గిటార్‌కి పెడల్ బిగించుకోవడానికి పరుగెత్తాడు. ఈ రోజు మనం పెడల్ స్టీల్ అంటున్న ధ్వని పుట్టింది అక్కడే. ఆయన 2016 వరకూ బతికే ఉన్నాడు. ఎంతమందికి తెలుసు?

బుల్లెట్ రాజు:
స్పీడీ వెస్ట్ దగ్గర 1948లోనే బిగ్స్‌బీ తయారుచేసిన పెడల్ గిటార్ ఉంది. అంటే ఐజాక్స్ కన్నా ముందు.

కొవ్వూరు శాస్త్రి:
ఉండటం వేరండీ. మోగుతున్న తీగని తొక్కి జార్చడం వేరు. నేను రాసింది మళ్లీ చదవండి.

మూనీ అభిమాని:
శాస్త్రి గారూ, ముందు ఎవరు అన్న లెక్కకు దిగితే గిబ్సన్ కంపెనీ పెడల్ గిటార్ ఎలక్ట్రాహార్ప్ వాయించిన ఆల్వినో రే దాకా వెళ్లాలి. అది రెండో ప్రపంచ యుద్ధ కాలపు మాట. ఇంకా వెనక్కి వెళ్తే తీగల మీద ఉక్కు ముక్క జార్చిన హవాయి కుర్రాడు జోసెఫ్ కెకుకు దగ్గర ఆగాలి. నేను అడిగింది అది కాదు. బాగా వాయించీ మరుగున పడ్డవాళ్ల గురించి అడిగాను.

కొవ్వూరు శాస్త్రి:
బాబూ, బాగా వాయించడం ఒకరి అభిప్రాయం. మొదట చేయడం చరిత్ర. కెకుకుకి పెడల్ లేదు, ఆల్వినో రే ఈ జారుడు చేయలేదు. ఐజాక్స్ చేశాడు. ఇందులో వాదించడానికేముంది?

టామ్ బ్రమ్లీ ఫ్యాన్:
1964లో బక్ ఓవెన్స్ 'టుగెదర్ ఎగైన్' మధ్యలో బ్రమ్లీ సోలో. ఇంకేం చెప్పను.

జిమ్మీ డే సెటప్:
నా పేరు చూస్తే నా ఓటు తెలిసిపోతుంది. పెడల్ స్టీల్ కొనబోతే ముందు అడిగే ప్రశ్నల్లో ఒకటి, ఎమన్స్ సెటప్పా, డే సెటప్పా అని. పెడళ్లు ఎడమ నుంచి కుడికి అమర్చాలా, తిప్పి అమర్చాలా అన్నదే తేడా. ఐజాక్స్ ఒకే పెడల్‌తో రెండు తీగల శ్రుతులూ మార్చాడు. దాన్ని రెండు పెడళ్లుగా విడదీసిన తరం ఎమన్స్, డేలది. ఆ విడదీయడం వల్లే ఇన్ని వాయింపులు సాధ్యమయ్యాయి. జిమ్మీ డే పేరు గిటార్ ఆర్డర్ కాగితాల మీద మిగిలింది. ఆయన్ని కూర్చుని వినేవాళ్లు తగ్గిపోయారు.

నల్లరేగడి:
పొద్దుట్నుంచి చదువుతున్నాను. మూనీ, ఐజాక్స్, హెల్మ్స్, బ్రమ్లీ, డే. ఒక్క నల్లజాతి పేరు కూడా లేదు. మీ అందరికీ ఈ వాద్యం కంట్రీ పాటలతో మొదలై కంట్రీ పాటలతోనే ముగుస్తుందా?

నేను న్యూజెర్సీలో ఉంటాను. హౌస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకోస్తు సంఘం ఉంది, 1903లో మేరీ మాగ్డలీనా టేట్ అనే నల్లజాతి మహిళ మొదలుపెట్టింది. ఆ చర్చిల్లో ఆర్గన్ ఉండవలసిన చోట స్టీల్ గిటార్ ఉంటుంది. 1930ల్లో ఫిలడెల్ఫియాలో ట్రోమన్ ఈసన్ ఒక హవాయి గురువు దగ్గర నేర్చుకుని తెచ్చాడు. అతని తమ్ముడు విల్లీ ఈసన్ దానితో మాట్లాడించాడు. గాయని ఒక మాట పాడితే అదే మాటను అదే విరుపుతో తీగ మీద పలికించేవాడు. 1970ల నాటికి చక్ క్యాంప్‌బెల్ లాంటివాళ్లు పెడల్ స్టీల్‌ని చర్చిలోకి తెచ్చారు. డెట్రాయిట్ కాల్విన్ కుక్ ఇంకో పెద్ద చెయ్యి.

ఇంకోటి వినండి. ఆ సంఘంలో కీత్ డొమినియన్ అనే శాఖ ప్రధాన కార్యాలయం కంట్రీ పాటలకి పుట్టిల్లు లాంటి నాష్‌విల్‌లోనే ఉంది. ఏటా దేశం నలుమూలల నుంచీ స్టీల్ వాయించేవాళ్లు అక్కడికే వస్తారు. ఎమన్స్, డే, లాయిడ్ గ్రీన్ రికార్డింగులు చేసిందీ అదే ఊళ్లో. ఒకే ఊళ్లో, ఒకే వాద్యం మీద రెండు లోకాలు ఎదిగాయి. బయటివాళ్లకి రెండోది చేరింది 1997లో, ఆర్హూలీ కంపెనీ సేక్రెడ్ స్టీల్ అని సీడీ వేసిన తర్వాత.

కొవ్వూరు శాస్త్రి:
ఈసన్ వాయించింది పెడల్ లేని ల్యాప్ స్టీల్.

నల్లరేగడి:
అంత రాస్తే మీకు కనబడింది అదొక్కటేనా శాస్త్రి గారూ? చక్ క్యాంప్‌బెల్ వాయించేది పెడల్ స్టీలే. ఇప్పుడేమంటారు?

కొవ్వూరు శాస్త్రి:
క్యాంప్‌బెల్‌కి 2004లో అమెరికా ప్రభుత్వ నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది. రాబర్ట్ రాండాల్ఫ్ పెద్ద పెద్ద వేదికల మీద వాయిస్తాడు. పేరు రానివాళ్లు అని ఎలా అంటారు?

నల్లరేగడి:
ఇద్దరికి వస్తే అందరికీ వచ్చినట్టా? లొరెంజో హ్యారిసన్, హెన్రీ నెల్సన్, టెడ్ బియర్డ్. ఈ మూడు పేర్లలో ఇక్కడ ఎవరికి ఎన్ని తెలుసు?

బుల్లెట్ రాజు:
నాకు ఒక్కటీ తెలియదు. వింటాను.

వీణ సుధ:
నేను వీణ వాయిస్తాను, పెడల్ స్టీల్ ముట్టుకోలేదు. మెట్లు లేని వీణలా ఉండి కట్టె జార్చి వాయించే గోటువాద్యం విన్న చెవికి ఈ జారుడు కొత్త కాదు. కానీ ఒక స్వరం నిలబడి ఉండగా ఇంకొకటి జారడం అందులో వినలేదు, అదే నన్ను పట్టుకుంది. నా ఓటు సూసన్ ఆల్కార్న్‌కి. హ్యూస్టన్‌లో కంట్రీ బ్యాండ్లలో ఏళ్ల తరబడి వాయించింది. తర్వాత బాల్టిమోర్ వెళ్లి, పక్కవాద్యంగా ఉన్నదాన్ని ఒంటరి కచేరీ వాద్యం చేసింది. అర్జెంటీనా స్వరకర్త పియజోలా టాంగోలు వాయించింది. అక్కడికక్కడ కల్పించి వాయించేది. 2025 జనవరిలో పోయింది. ఆడవాళ్ల పేరు ఎవరూ ఎత్తకపోవడం చూసి రాస్తున్నాను.

మూనీ అభిమాని:
సుధ గారూ, ఆల్కార్న్ గొప్పదే. కానీ పేరు రావాలంటే పక్కవాద్యం వదిలిపెట్టాల్సిందేనా? మూనీ జీవితమంతా పక్కవాద్యమే. రెండు మాటల మధ్య ఖాళీలో నాలుగు స్వరాలు వేసి తప్పుకునేవాడు. 1964లో కానీ స్మిత్ మొదటి సింగిల్‌లో వెల్డన్ మైరిక్ కూడా అంతే, ఆమె గొంతు పక్కనే అద్దంలా మెరుస్తాడు. పాటని మింగకుండా పాటని మోయడం ఒక విద్య. దానికి విడిగా మార్కులు ఉండాలంటాను.

నల్లరేగడి:
ఇది మన ఊరి పెళ్లి మేళంవాడికి చెప్పే మాటలా ఉంది. వెనకే ఉండు, అదే నీ గొప్పతనం అని. పొగుడుతున్నట్టే ఉంటుంది, డబ్బులు మాత్రం ముందున్నవాడికి వెళ్తాయి.

మూనీ అభిమాని:
నేను అలా అనలేదు. నా నోట్లో మాటలు పెట్టకండి.

కొవ్వూరు శాస్త్రి:
నల్లరేగడి గారు మేళంవాడి మాట ఎత్తారు కాబట్టి చెబుతాను. నేను గోదావరి జిల్లాల్లో ఒక ఆర్కెస్ట్రాలో 22 ఏళ్లు హవాయిన్ గిటార్ వాయించాను. దసరా పందిళ్లు, పెళ్లిళ్లు, రాత్రి పదికి మొదలై తెల్లవారుజామున మూడింటికి ముగిసే ప్రోగ్రాములు. ఒకసారి భక్తిపాటల క్యాసెట్ వేశారు. ఎనిమిది పాటల్లో ఐదింటికి ఎత్తుగడ నా గిటారే. కవరు మీద పాడినాయన పేరు, రాసినాయన పేరు, డబ్బు పెట్టినాయన పేరు, ఆయన తండ్రిగారి పేరు ఉన్నాయి. నా పేరు లేదు. అడిగితే చోటు చాల్లేదన్నారు. కొన్నేళ్లకి కీబోర్డ్ కొన్నారు. అందులో హవాయిన్ గిటార్ శబ్దం కూడా ఉందని చెప్పి నన్ను రావద్దన్నారు.

ఎవరు ముందు, ఏ సంవత్సరం, ఏ పాట అని నేను ఎందుకు పట్టుకు వేలాడుతున్నానో ఇప్పుడైనా తెలుసుకోండి. బాగా వాయించాడు అన్న మాట విన్నవాడితో పోతుంది. ఫలానా ఏడాది ఫలానా పాటలో ఫలానా వాడు చేశాడు అని రాసిపెడితేనే మిగులుతుంది. ఐజాక్స్‌కి ఆ ఒక్క పాట ఉంది. అది కూడా చర్చకు పెట్టి లాగేస్తుంటే ఊరుకోలేను.

వీణ సుధ:
శాస్త్రి గారూ, ఆ మాట మొదటే చెప్పవలసింది.

నల్లరేగడి:
మీ బాధ అర్థమైంది. నిజంగా. కానీ మీ కొలతే నాకు నచ్చనిది. రికార్డు మీద ఉంటేనే లెక్క అంటే, రికార్డింగ్ స్టూడియో గుమ్మం ఎవరికి తెరిచారో వాళ్లే చరిత్ర అవుతారు. మీకు కవరు మీద చోటివ్వలేదు. చర్చిలో వాయించినవాళ్లకి చాలాకాలం కవరే లేదు. వారమంతా వేరే పని చేసి ఆదివారం వాయించేవారు. బయట వాయిస్తామంటే సంఘం పెద్దలు ఒప్పుకునేవారు కాదు. రాసిపెట్టని దాన్ని లెక్కలోంచి తీసేస్తే, మీ క్యాసెట్ కవరు వేసినవాళ్లు చేసిందీ అదే కదా?

కొవ్వూరు శాస్త్రి:
ఆ మాట బాధ పెట్టింది. అయినా జవాబు చెబుతాను. కవరు లేకపోయినా వాళ్లు వాయిస్తే ఎదురుగా జనం లేచి నిలబడ్డారు. చేతులెత్తారు, ఏడ్చారు. వారం వారం. ఆ వాయించినవాడు ఎవరో ఆ సంఘంలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. మూనీకి, మైరిక్‌కి, నాకూ అది దొరకలేదు. మా ఎదురుగా ఉన్నవాళ్లు గాయకుణ్ణి చూశారు. మీరు చెప్పేవాళ్లకి లేనిది బయట పేరు. మాకు లేనిది లోపల పేరు కూడా.

మూనీ అభిమాని:
ఇది నేను ఆలోచించలేదు.

నల్లరేగడి:
నేనూ ఆలోచించలేదు. కానీ ఒకటి. వాళ్ల లెక్కలో జనం లేచి నిలబడింది దేవుడి కోసం, వాయించినవాడి కోసం కాదు.

వీణ సుధ:
అయితే వాళ్లు అడగని పేరు మనం ఎందుకు తెచ్చిపెట్టాలి?

నల్లరేగడి:
అడగలేదని మీకెవరు చెప్పారు? క్యాంప్‌బెల్ అన్నదమ్ములు బయట కచేరీలు చేశారు, రాండాల్ఫ్ బయటికొచ్చి వాయించాడు. వద్దనుకున్నవాళ్లూ ఉంటారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి.

జిమ్మీ డే సెటప్:
ఇంకో ముక్క కలుపుతాను. పీట్ డ్రేక్‌ని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది 2022లో. ఆయన పోయింది 1988లో. బీటిల్స్ జార్జ్ హారిసన్ 1970 ఆల్బమ్‌లో వాయించినవాడికే 34 ఏళ్లు ఆలస్యం. కవరు మీద పేరున్నవాడి గతి ఇది.

బుల్లెట్ రాజు:
స్పీడీ వెస్ట్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. 'స్లోలీ' ఇప్పుడే విన్నాను. మొదట్లోనే తెలిసిపోతోంది.

కొవ్వూరు శాస్త్రి:
సంతోషం. తీగ మోగుతుండగానే జారుతుంది, గమనించారా?

మూనీ అభిమాని:
మొదటి పోస్టు కింద వినవలసినవాళ్ల పట్టిక పెడుతున్నాను: మూనీ, ఐజాక్స్, డే, బ్రమ్లీ, మైరిక్, క్యాంప్‌బెల్, కుక్, ఆల్కార్న్. శాస్త్రి గారూ, ఆ క్యాసెట్ మీ దగ్గర ఉందా? ఉంటే ఏ ఊళ్లో, ఏ ఏడాది రికార్డ్ చేశారో, ఏ ఐదు పాటలో రాయండి. దానికి వేరే చర్చ తెరుస్తాను.

నల్లరేగడి:
పట్టికలో విల్లీ ఈసన్ లేడు.

కొవ్వూరు శాస్త్రి:
ఈసన్‌ది ల్యాప్ స్టీల్. పట్టిక పేరు పెడల్ స్టీల్ అని ఉన్నంతకాలం ఒప్పుకోను. స్టీల్ గిటార్ అని మార్చండి, అప్పుడు ఈసన్‌ని మొదటే పెట్టండి, హెల్మ్స్‌ని కూడా చేర్చండి. క్యాసెట్ ఉంది. వినడానికి ప్లేయర్ లేదు. పాటల పేర్లు మాత్రం గుర్తున్నాయి, రేపు రాస్తాను.