పందిరి తీసేసి వై పద్ధతికి మారితే తెగుళ్లు తగ్గుతాయా?

కొత్తతోట: మాది పందిరి ద్రాక్ష, థాంసన్ సీడ్‌లెస్. కాపుకేం లోటు లేదు గానీ ముసురు పట్టిందంటే బూజు తెగులు తప్పడం లేదు. పైనుంచి ఎంత మందు కొట్టినా గుత్తుల దాకా దిగడం లేదు. వై పద్ధతికి, అంటే Y ఆకారపు స్తంభాల మీద తీగ పాకించడానికి మారమంటున్నారు. దిగుబడి పడిపోతుందేమోనని జంకు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతపందిరి: తమ్ముడూ, తెగులు తెచ్చేది పందిరి కాదు, ఆరని తడి. బూజు తెగులు ఆకు అడుగునుండే రంధ్రాల్లోంచి దూరుతుంది, దానికి ఆకు తడిగా ఉండాలి. మిట్టమధ్యాహ్నం పందిరి కిందికెళ్లి నేల చూడు. ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంటే పరవాలేదు. నేలంతా చిక్కటి నీడైతే గాలి ఆడదు, మందూ దిగదు. వైలో కొమ్మలు రెండు పక్కలకీ విడిపోతాయి, గుత్తులు దాదాపు ఒకే ఎత్తులో వేలాడతాయి. మందు నేరుగా తగులుతుంది.

దిగుబడికొస్తే, ఎండ పట్టే ఆకు ఎక్కువ కాబట్టి పందిరిదే పైచేయి. అయితే వచ్చే పంట గుత్తులకు ఈ ఏటి కొమ్మ కన్నుల్లోనే, అంటే మొగ్గల్లోనే పునాది పడుతుంది. నీడలో పెరిగిన కొమ్మకు ఆకులే తప్ప గుత్తి సరిగా రాదు. కమ్ముకుపోయిన పందిరి నీ కాపునీ తినేస్తుంది.

గట్టుమీద: అన్న చెప్పింది బూజుకి. బూడిద తెగులుకి ఆకు తడవక్కర్లేదు, నీడుంటే చాలు, పొడి రోజుల్లోనూ కమ్మేస్తుంది. తెల్లటి పిండి పూసినట్టుండే పిండినల్లి పురుగు మాత్రం ఏ పద్ధతికీ లొంగదు. వదులైన బెరడు కింద నక్కుతుంది, చీమలు కాపలా కాస్తాయి. బెరడు ఒలవాల్సిందే, చీమల్ని ఆపాల్సిందే. వైలో ఇంకో తంటా, పడమటెండకి గుత్తులు మాడతాయి. ఆ పక్క ఆకు ఉంచుకోండి.

కొత్తతోట: ఇప్పుడే పందిరి పీకకుండా ఏం చేయొచ్చన్నా?

పాతపందిరి: లేత కొమ్మలప్పుడే పలచన చెయ్యి. పిందె కట్టగానే గుత్తి చుట్టూ రెండు మూడాకులు తుంచు. కాయ ముదిరాక ఒక్కసారిగా తుంచితే ఎండదెబ్బ తగులుతుంది. మున్ముందు వైకి మారినా కొమ్మను రెండు కన్నులకే కురచగా కోయకు. థాంసన్‌కి మొదటి కన్నుల్లో గుత్తి పడటం తక్కువ, పొడవు కొమ్మ వదలాలి. దిగుబడి పోయిందని వైని తిట్టేవాళ్లలో చాలామంది కత్తెర దగ్గరే పోగొట్టుకున్నారు.