ఎర్రచందనం బొమ్మకు అచ్చు: లక్క పూయాలా, మైనం రుద్దాలా?

కొలువు పెట్టె, తిరుపతి
మా అవ్వ పెళ్లినాటి ఎర్రచందనం రాజా రాణి బొమ్మలు ఉన్నాయి, జానెడు ఎత్తు. మేం ముగ్గురు అక్కచెల్లెళ్లం, బొమ్మలు ఒక్క జతే. దసరా కొలువుకు ముగ్గురి ఇళ్లలోనూ ఉండాలని సిలికాన్ రబ్బరుతో అచ్చు తీసి రెజిన్‌తో పోయాలనుకుంటున్నా. కొత్తవి కొనొచ్చు కదా అనకండి, అవ్వ చేతిలో అరిగిన ఆ మొహాలే మాకు కావాలి. అచ్చు రెండు ముక్కలు కాబట్టి బొమ్మను సగం దాకా మట్టిలో పొదగాలి. ఏ మట్టి మంచిది? కర్రకు ముందుగా ఏం పూయాలి? రాణి వీపున సన్నటి పగులు ఉంది.

శ్రీకాళహస్తి పనివాడు
అమ్మా, బంకమన్ను చాలు. స్వర్ణముఖి ఒండ్రు జల్లెడ పట్టి వాడతా. అంచు కత్తితో కోసినట్టు వస్తుంది, తర్వాత తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. కర్రకు లక్క పాలిష్ రెండు పూతలు వేయండి. ఏమీ పూయకుండా పోస్తే సిలికాన్ కర్ర రంధ్రాల్లోకి దిగి పట్టేస్తుంది.

మాధవమాల మనవడు
అన్నా, టేకుకైతే మీ మాట సరే. ఎర్రచందనానికి లక్క పాలిష్ వద్దే వద్దు. లక్కను కరిగించేది స్పిరిట్. ఈ చెక్కలోని ఎరుపు నీళ్లలో సరిగా కరగదు గానీ స్పిరిట్‌లో కరుగుతుంది. మా ఇంట్లో ఒక బొమ్మకు పూస్తే దూది కుంకుమలో ముంచినట్టయింది. ముక్కు మీద రంగు తేలిపోయి, మెడ మడతల్లో చిక్కబడి, బొమ్మంతా మచ్చలే మిగిలాయి. తడి మన్ను కూడా వద్దు. ఆనిన వైపు కర్ర నీరు పీల్చి ఉబ్బుతుంది, రెండో వైపు పొడిగానే ఉంటుంది. పగులున్న బొమ్మ దాన్ని తట్టుకోలేదు. నూనె మట్టి (నీళ్లకు బదులు నూనె కలిపిన, ఎండిపోని మట్టి) వాడి, కర్రకు తేనెమైనం పల్చగా రుద్దండి.

చిత్తూరు రెజిన్ పని
నూనె మట్టి అనగానే ఏది దొరికితే అది కొనకండి. కొన్నిట్లో గంధకం ఉంటుంది. సిలికాన్ గట్టిపడటానికి కలిపే మందును బట్టి ప్లాటినం రకం, టిన్ రకం అని ఉంటాయి. గంధకం తగిలితే ప్లాటినం రకం గట్టిపడదు. నాకు మట్టి ఆనిన చోటల్లా జిగురుగానే ఉండిపోయింది. రెండు రోజులు పుల్లతో, దూదితో గీతల్లోంచి తీశా. సిలికాన్ పోతే పోయింది, ఆ బొమ్మ ఒక పెద్దావిడ నమ్మి ఇచ్చింది, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. టిన్ రకానికి ఆ బాధ లేదు. రోజులు గడిచేకొద్దీ అచ్చు కొంచెం కుంచించుకుపోతుంది గానీ మీ రెండు జతలు వెంటనే పోసుకుంటే చాలు. రెండో సగం పోసేముందు మొదటి సగం అంచుకు వాజిలిన్ రాయడం మరవొద్దు, లేకపోతే రెండూ ఒకటైపోతాయి.

శ్రీకాళహస్తి పనివాడు
స్పిరిట్ సంగతి ఒప్పుకుంటున్నా, నేను తీసినవన్నీ రంగులేసిన బొమ్మలే. మైనం మాత్రం ఒప్పుకోను. కళ్లు, కిరీటం గీతలు పూడిపోయి మొహంలో కళ పోతుంది.

మాధవమాల మనవడు
ముద్దగా పూస్తే పూడతాయి అన్నా. గోరువెచ్చని గుడ్డతో రుద్ది, మెత్తటి బ్రష్‌తో గీతల్లోంచి లాగేయాలి. అప్పటికీ వెంట్రుకవాసి గీత పోతే నకలులోనే పోతుంది. రంగు దిగితే అవ్వ బొమ్మకే దిగుతుంది.

కొలువు పెట్టె, తిరుపతి
పీఠం అడుగున మూడుచోట్ల పరీక్షించా. స్పిరిట్ దూదికి ఎరుపు అంటింది. ఏమీ పూయని చోట సిలికాన్ ఊడింది గానీ నూనె మరక మిగిలింది. మైనం రుద్దిన చోట శుభ్రంగా వచ్చింది. రాణి పగులులో మైనం నింపేశా. మరి నూనె మట్టి మరక చేయదా?

శ్రీకాళహస్తి పనివాడు
ఎక్కువసేపు ఉంచితే చేస్తుందమ్మా. బొమ్మనంతా మట్టిలో నొక్కకండి. కింద థర్మాకోల్ తొలిచి పడుకోబెట్టి, అంచు గీత వెంబడి మాత్రమే వేలెడు మందాన మట్టి పెట్టండి. మీ మైనం కూడా ఆ గీత దగ్గర ఇంకోసారి రుద్దండి.

కొలువు పెట్టె, తిరుపతి
అలాగే స్వామీ. ముందు రాజాతో మొదలుపెడతా. రాణిని ఆ అచ్చు చూశాకే ముట్టుకుంటా.